మూడో వంతు

లైప్‌జిగ్,
ఏప్రిల్ 6

చెల్లి రోస్వీటాకు,

నీ ఉత్తరం అందింది. తారీఖు వేయడం మరిచిపోయావు. తారీఖు లేని ఉత్తరం నాకు రాయవద్దని ఇదివరకే చెప్పాను.

ఇక విషయం. తోట పోయింది. ముప్ఫై ఒకటో నంబరు తోటకు ఈ నెల నుంచి కౌలుదారు ఊళ్లోవాళ్లకు చిన్న చిన్న తోటలు కౌలుకిచ్చే మా సంఘం అధ్యక్షుడు నోల్టె మేనల్లుడు, మార్విన్. ప్రతి ఆగస్టులో నువ్వు మా దగ్గరికి వచ్చి గూస్‌బెర్రీలు సగం బుట్టలోకీ సగం నోట్లోకీ కోసుకునే ఆ పొదల పక్కన, నిన్న అతను చొక్కా విప్పి పడుకుని పాటలు వింటున్నాడు.

ఎలా పోయిందో వరుసగా రాస్తాను. ఫోనులో చెప్పబోతే నాకు గొంతు పెరిగిపోతోంది. కౌలు కాగితం మీద లోటార్ సంతకం ఒక్కటే ఉంది. ఆ రోజుల్లో భర్త సంతకం పెడితే ఇల్లంతా పెట్టినట్టే. కౌలుదారు చనిపోతే తర్వాతి నెలాఖరుకు కౌలు ముగుస్తుంది. భార్య కొనసాగాలనుకుంటే ఆలోగా రాసివ్వాలి. ఈ నియమం నాకు తెలుసు. జనవరిలో లోటార్‌ని శ్మశానంలో సాగనంపి వచ్చాక, వచ్చినవాళ్లకు పెట్టిన కాఫీ బల్ల దగ్గర నోల్టె నా చేయి పట్టుకున్నాడు. నువ్వూ అక్కడే ఉన్నావు.

"టీచరమ్మగారూ, తోట కాగితాల గురించి ఇప్పుడు బెంగ పెట్టుకోకండి. తొందరేం లేదు. నేను చూసుకుంటాను" అన్నాడు.

చూసుకున్నాడు. గడువులోగా నా నుంచి ఏ దరఖాస్తూ రానందున తోటను వేరొకరికి కేటాయించామని మార్చిలో ఉత్తరం వచ్చింది. కింద ఆయన సంతకం. లెక్కల పుస్తకం ఒక్క రోజు ఆలస్యంగా తెచ్చిన పిల్లల్ని ఉద్యోగమంతా వెనక్కి పంపిన నేను, ఒక మనిషి నోటిమాట పట్టుకుని గడువు దాటనిచ్చాను. నోల్టెని ఎంత క్షమించలేనో, నన్ను నేను అంతకన్నా క్షమించలేను. కాని నా సంగతి నేను చూసుకుంటాను. ముందు ఆయన సంగతి.

తోట చేతులు మారేటప్పుడు మదింపు చేసేవాళ్లు వస్తారు. ప్రతి పొదనూ తడిమి రాసుకుంటారు. మా వాల్‌నట్ చెట్టు దగ్గర ఆగారు.

"ఇంత పెద్ద చెట్టు తోటల్లో ఉండకూడదమ్మా. పాత కౌలుదారు ఉన్నంతకాలం ఊరుకున్నాం. చేతులు మారితే కొట్టేయాల్సిందే. వెళ్లిపోయేవాళ్లే కొట్టించాలి."

మా అబ్బాయి పుట్టిన ఏడు లోటార్ నాటిన చెట్టు అది. మనవలు ముగ్గురూ దాని నీడలోనే నడక నేర్చారు. రంపం మనిషిని నేనే పిలిచాను. చెట్టు పడేవరకూ నిలబడి చూశాను. దారి అవతల నోల్టె కూడా నిలబడి చూశాడు, టోపీ తీసి. ఆ టోపీ తీయడం నేను మరిచిపోను.

నిన్న నేను కొత్త కౌలు రాశాను. వాగు పక్కన, వసంతంలో నీళ్లు నిలిచే తోట ఒకటి ఉంది కదా, అందరూ కప్పల గుంట అంటారు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లంతా దాన్ని వద్దన్నారు, అందుకే నాకు దొరికింది. ఒక్క పొద కంచె అవతల నోల్టె సొంత తోట.

అక్కడ కూరగాయలు పండిస్తాను. ఆయన్ని ఆయన తోటలోంచి బయటికి పంపిస్తాను. ఒక్క నియమం కూడా తప్పకుండా పంపిస్తాను.

నీ అక్క,
అడెల్‌హైడ్


హూసుమ్,
ఏప్రిల్ 14 (చూశావా, తారీఖు!)

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. వాల్‌నట్ చెట్టు కొట్టేశారా! బావ బతికుంటే ఆ రంపం మనిషికి కూడా కాఫీ ఇచ్చి, తర్వాత గదిలోకి పోయి ఏడ్చేవాడు.

నీ కోపం నాకు తెలియనిదా. చిన్నప్పుడు ఆ పక్కింటి కుర్రాడు నీ స్కేలు విరిచాడని మూడేళ్లు వాడితో మాట్లాడలేదు నువ్వు. వాడు కొత్త స్కేలు కొనితెచ్చినా మాట్లాడలేదు. పాపం వాడు చివరికి ఊరు మారిపోయాడు. వాళ్ల నాన్న ఉద్యోగం వల్లేనంటారు గాని, నాకు మాత్రం అనుమానమే.

అక్కా, ఒక మాట చెప్పనా? ఇక చాల్లే అనుకోరాదూ. నీ మోకాళ్లకి ఆ బురదలో తవ్వకాలేమిటి? మేడ మీద గదికి ఫిబ్రవరిలోనే రంగు వేయించాను, లేత పసుపు. కిటికీ తెరిస్తే సముద్రం గాలి. మంచం కూడా కొత్తది. వాడేవాళ్లు లేక దాని మీద నా ఇస్త్రీ బట్టలు పడుకుంటున్నాయి. నువ్వొస్తే మనిద్దరం పొద్దున్నే గట్టు మీద నడిచి, సాయంత్రం పేకాట ఆడుకోవచ్చు. నేను మోసం చేస్తాను, నువ్వు పట్టుకుందువుగాని.

నోల్టె మరీ అంత చెడ్డవాడు కాడేమో. ఏదో అనుకుని ఉంటాడు. మనుషులు ఒకటి అనుకుని ఇంకోటి చేస్తుంటారు కదా.

నీ చెల్లి,
రోస్వీటా


లైప్‌జిగ్,
జూన్ 2

చెల్లి రోస్వీటాకు,

నోల్టె ఏమనుకున్నాడో నాకు అక్కర్లేదు. ఏం చేశాడో చాలు.

కప్పల గుంటలో నీళ్లు దిగాయి. లోటార్ పాత పార, నీ మడత కుర్చీ మట్టుకు మార్విన్‌ని అడిగి తెచ్చుకున్నాను. మళ్లు ఎత్తుగా కట్టి నూల్‌కోల్, బీట్‌రూట్, చిక్కుడు వేశాను. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

సంఘంలో తనిఖీ బృందం ఒకటి ఉంది. ఏడాదిలో రెండుసార్లు అన్ని తోటలూ తిరిగి నియమాలు పాటిస్తున్నారో లేదో చూడాలి. పొరుగువాళ్లతో మాటలు పడాలి కాబట్టి అందులోకి ఎవరూ రారు. మే నెల సమావేశంలో "ఎవరైనా ఉన్నారా?" అని నోల్టె మామూలుగా అడిగాడు. నేను చేయి ఎత్తాను. ఆయన నా వెనక ఇంకెవరైనా ఎత్తారేమోనని చూశాడు. ఎవరూ లేరు.

అంతకుముందే ఒక చిన్న ముచ్చట జరిగింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా తోటల్లో చప్పుడు చేయకూడదు. ఆయన గడ్డి కోసే యంత్రం ఆగలేదు. నేను కంచె దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"నోల్టె గారూ, ఒంటిగంట దాటింది."

"రెండే వరుసలు మిగిలాయి టీచరమ్మా, అయిపోతుంది."

"మూడింటికి కూడా రెండే ఉంటాయి. ఎక్కడికీ పోవు."

ఆపాడు. సగం గొరిగిన గడ్డం లాంటి ఆ పచ్చికలో రెండు గంటలు కూర్చున్నాడు. నేను ఇవతల చప్పుడు లేకుండా కలుపు తీశాను.

మొన్న తనిఖీ. నీకు తెలుసు కదా, ప్రతి తోటలోనూ మూడో వంతు నేలలో తినేవి పండించాలి. కూర గాని, పండు గాని. మిగతాదంతా ఎవరిష్టం వాళ్లది. ఈ నియమం వల్లే మాకు ఇంత తక్కువ కౌలుకు నేల దొరుకుతోంది. నోల్టె తోటలో ఉన్నది పచ్చిక, పిల్లలు ఈదే తొట్టి, మూడు సూదాకుల చెట్లు. అధ్యక్షుడి తోట కాబట్టి ఇన్నేళ్లూ ఎవరూ టేపు పట్టలేదు. ఒక కొస బృందంలో నాతోపాటు ఉన్న పోల్ అమ్మగారికి ఇచ్చి, రెండో కొస నేను పట్టుకున్నాను.

"ఇదేమిటి నోల్టె గారూ?"

"పచ్చిక."

"తింటారా?"

పోల్ అమ్మగారు దగ్గుతున్నట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"హాస్యమా టీచరమ్మా?"

"కాదు. ఆవు ఉందంటే రాసుకుంటాను. కాని ఆవులు పెంచడం కూడా నిషిద్ధమే."

"అరుగు మీద టమాటా కుండీలున్నాయి కదా, అవి?"

"కుండీ నేల కాదు. ఆ వివరణ రాసింది మీరే, మీ సంతకం ఉంది."

మొదటి హెచ్చరిక ఇచ్చాం. ఒకే ఏడాదిలో రెండోది వస్తే కౌలు రద్దు. సూదాకుల చెట్లు కూడా నిషిద్ధమే, కొట్టేయాలి. ఆ కాగితం మీద నా సంతకం చాలా చక్కగా వచ్చింది.

నీ అక్క,
అడెల్‌హైడ్


హూసుమ్,
జూన్ 11

ప్రియమైన అక్కా,

ఆవు మాటకి నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకున్నాను. పక్కింటి గెజీనెకి కూడా చదివి వినిపించాను. "మీ అక్కగారు మా ఊరి మేయరుగా రావచ్చు కదా" అంది.

కాని అక్కా, ఇక్కడితో ఆపెయ్. భయపెట్టావు, సరిపోయింది. వాళ్లావిడ పోయాక ఆయనకు ఆ తోట తప్ప వేరే లోకం లేదని నువ్వే ఒకప్పుడు రాశావు.

ఆయన నీతో ఏమైనా అన్నాడా? అంటే, ఎందుకు అలా చేశాడో చెప్పాడా? ఊరికే అడుగుతున్నాను.

ఈ ఆగస్టులో నేను రాలేనేమో. మోకాలు బాగా లేదు. రైలు మెట్లు ఎక్కడం కష్టమంటున్నాడు డాక్టరు. నువ్వే రా. గది ఎదురుచూస్తోంది.

నీ చెల్లి,
రోస్వీటా


లైప్‌జిగ్,
ఆగస్టు 25

చెల్లి రోస్వీటాకు,

నువ్వు రాని మొదటి ఆగస్టు ఇది. మోకాలికి వేడి కాపడం పెట్టు, నిర్లక్ష్యం చేయకు. మంచాన పడ్డవాళ్లకు సేవ చేసే ఓపిక నాకు లేదు.

ఆయన ఏమన్నాడని అడిగావు. ఏమీ అననివ్వలేదు. జూలైలో ఒక సాయంత్రం కంచె మీదుగా పిలిచాడు.

"టీచరమ్మగారూ, మీకు నా మీద ఇంత కోపం ఉంటుందనుకోలేదు. నేను మీ మంచికే అనుకుని..."

"చెప్పదలుచుకున్నది రాసి ఇవ్వండి. నోటిమాటలు నేను వినడం మానేశాను."

తల ఊపి వెళ్లిపోయాడు. రాసి ఇవ్వలేదు.

మొదటి హెచ్చరిక తర్వాత పచ్చిక సగం తవ్వేశాడు. కూరగాయల సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు, వాళ్లావిడే చూసుకునేది. జూన్ చివర్లో బంగాళాదుంప నాటాడు. అంత ఆలస్యంగా ఎవరు నాటుతారు? పైగా మొక్కకీ మొక్కకీ మధ్య జానెడు కూడా వదల్లేదు. నా తరగతిలో అయితే మళ్లీ చేయించేదాన్ని. జూలైలో వానలు ఆగలేదు. ఆకులు నల్లబడి మాడిపోయాయి. రోగం తగిలిన మొక్కలు పీకేసి క్యారెట్ విత్తాడు. అవి నత్తలు తిన్నాయి. నత్తలకు నియమాలు లేవు.

సూదాకుల చెట్లు కూడా కొట్టేశాడు. పెళ్లయి పాతికేళ్లయినప్పుడు ఇద్దరూ కలిసి నాటారట. పోల్ అమ్మగారు చెప్పింది, నా మనసు కరుగుతుందేమోనని. నేను నా మడిలో నిలబడి చూశాను. ఆయన నా వాల్‌నట్‌ను చూసినట్టే చూశాను. నా తల మీద టోపీ లేదు, ఉన్నా తీసేదాన్ని కాదు. ఇక్కడితో లెక్క సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు.

నిన్న రెండో తనిఖీ జరిగింది. మూడో వంతుకు ఒక బల్ల వెడల్పు తక్కువ వచ్చింది.

"పోనీలేండి, ఎంతని!" అంది పోల్ అమ్మగారు.

"ఒక బల్ల" అన్నాను.

నోల్టె చేయి చాచాడు. గోళ్ల నిండా మట్టి. ఆ చేతులతోనే కాగితం అందుకున్నాడు. రెండో హెచ్చరిక. నవంబరు చివరికి తోట ఖాళీ చేయాలి.

ఇంటికి వచ్చి లోటార్ ఫొటో ముందు కాఫీ తాగాను. రుచిగానే ఉంది.

నీ అక్క,
అడెల్‌హైడ్


హూసుమ్,
సెప్టెంబరు 3

అక్కా,

ఈసారి నవ్వు రాలేదు.

ఒక బల్ల వెడల్పు ఎంతుంటుంది? మనం పిల్లలప్పుడు ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని హోంవర్క్ చేసేవాళ్లం. అంత నేల కోసం ముసలాయన్ని వెళ్లగొడతావా? ఆ రెండో కాగితం వెనక్కి తీసుకోవచ్చు కదా. బృందంలో నీ మాటే చెల్లుతుంది కదా.

నీకు ఒక సంగతి చెప్పాలి. కాగితం మీద రాసేది కాదు. నువ్వు ఇక్కడికి వస్తే చెబుతాను. నాలుగు రోజులకైనా రా. కోపం వస్తే ఐదో రోజు వెళ్లిపో.

రోస్వీటా


లైప్‌జిగ్,
అక్టోబరు 16

చెల్లి రోస్వీటాకు,

కాగితం మీద రాయలేని సంగతులు నాకు అక్కర్లేదు. ఆస్తి పంపకాలా, పెళ్లా? పెళ్లయితే అభినందనలు.

నిన్న శరదృతు సమావేశం. బంగాళాదుంపల సలాడ్ బాగానే ఉంది, ఉప్పు కొంచెం ఎక్కువ. అందరూ తినడం అయ్యాక లేచి ఒక్క ప్రశ్న అడిగాను.

"ముప్ఫై ఒకటో నంబరు మార్విన్‌కు ఇచ్చేటప్పుడు, వెయిటింగ్ లిస్టులో అతనికన్నా ముందు ఎవరైనా ఉన్నారా నోల్టె గారూ?"

ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "ఉన్నారు" అన్నాడు. "చాలామంది ఉన్నారు. తప్పు నాదే."

ఇంకేం, అందరూ ఒక్కసారి లేచారు. లిస్టులో ఏళ్ల తరబడి కొడుకో కూతురో ఉన్నవాళ్లు ఆ గదిలో చాలామంది ఉన్నారు. "మా అమ్మాయి పెళ్లి కాకముందు పేరు రాయించాం, ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నోల్టె అక్కడే అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చాడు. మార్విన్ కౌలు రద్దు చేశారు. ఆ కుర్రాడికి పెద్దగా బాధ లేదు, గూస్‌బెర్రీలకు ముళ్లుంటాయని ఇప్పుడే తెలిసిందట.

అప్పుడు పోల్ అమ్మగారు లేచింది. "ఆ తోట టీచరమ్మగారికే తిరిగి ఇచ్చేద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?" అంది. ఎవరికీ లేదు. కొందరు చప్పట్లు కూడా మొదలుపెట్టారు.

రోస్వీటా, ఆ క్షణం నేను ఊరుకుని ఉంటే చాలు. నా తోట నాకు వచ్చేది. లోటార్ పాతిన చిక్కుడు పందిరి గుంజలు, ఆయన సున్నం వేసిన గోడ, అన్నీ వచ్చేవి. కాని వరుస తప్పించారని అంతకుముందే కదా నేను ఒక మనిషిని నిలబెట్టి అడిగాను. అదే నోటితో ఎలా తీసుకుంటాను?

"లిస్టు ప్రకారమే ఇవ్వాలి" అన్నాను.

మొదటి పేరు ఒక చిన్న వయసు జంటది. పొద్దున వచ్చి తోట చూసుకున్నారు. అమ్మాయి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని నేల వాసన చూసింది. మంచి పిల్లలా ఉంది. నేను కప్పల గుంటలోని తోటగదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను.

అనుకున్నదంతా జరిగింది. ఒక్క నియమం కూడా తప్పలేదు.

నీ అక్క,
అడెల్‌హైడ్


లైప్‌జిగ్,
నవంబరు 30

రోస్వీటా,

ఇవాళ నోల్టె తోట అప్పగించాడు. తనిఖీ బృందం తరఫున తాళాలు తీసుకోవడానికి నేనే వెళ్లాను. ఇంకెవరినీ పంపేదాన్ని కాదు. ఆ తాళాలు నా చేతిలో పడడం చూడాలని ఏప్రిల్ నుంచి ఎదురుచూశాను.

తోటగది ఊడ్చి ఉంచాడు. పారలు, చెంబులు గోడకు వరుసగా ఉన్నాయి. తాళాలు ఇచ్చాక కూడా వెళ్లలేదు.

"టీచరమ్మగారూ, ఇప్పుడు నేను కౌలుదారును కాను, మీరు తనిఖీ చేయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక్క మాట వింటారా?"

విన్నాను.

"మార్విన్ విషయంలో తప్పు నాదే. లిస్టు దాటించాను, దానికి ఈ శిక్ష సరే. కాని మీ తోట లాక్కోవాలని నేను అనుకోలేదు. అంత్యక్రియల రోజు మీ చెల్లెలుగారు నన్ను పక్కకు పిలిచి, మీరు హూసుమ్ వెళ్లిపోతున్నారని చెప్పారు. తోట వదులుకుంటున్నారు, ఆ కాగితాలు చూస్తే అక్కయ్యకు ఏడుపు వస్తుంది, దరఖాస్తు ఇంటికి పంపకండి, ఆమెతో ఆ మాటే ఎత్తకండి అన్నారు. ఫిబ్రవరిలో నేను హూసుమ్‌కు ఫోను కూడా చేశాను. గదికి రంగు వేయిస్తున్నాం, వసంతంలో వచ్చేస్తుంది అన్నారు."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మార్చిలో మీరు నా మీద మండిపడితే, మనసు మార్చుకున్నారేమో అనుకున్నాను. జూలైలో చెప్పబోయాను, రాసి ఇమ్మన్నారు. రాస్తే తనిఖీ ఫైలులో పడుతుంది, పదిమందీ చదువుతారు. అక్కాచెల్లెళ్ల గొడవ ఊళ్లో పెట్టడం నాకు చేతకాలేదు."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఈసారి తీయలేదు.

ఆ తోట రేపు ఇంకొకరిది అవుతుంది. లిస్టులో తర్వాతి పేరు వాళ్లది. వెనక్కి ఇవ్వడానికి దారి లేదు. దారులన్నీ నేనే మూసేశాను, ఒక్కొక్కటిగా, సంతకం పెట్టి.

ఆ రోజు కాఫీ బల్ల దగ్గర నువ్వు ఆయనతో ఏమన్నావో అన్నది అన్నట్టు రాసి పంపు. కారణాలు వద్దు. మాటలు చాలు.

అడెల్‌హైడ్


హూసుమ్,
డిసెంబరు 8

అక్కా,

ఆయన చెప్పింది నిజం. ఒక్క మాట కూడా కలపలేదు. అంతకంటే ఒక మాట తగ్గించే చెప్పాడు. "అక్కయ్య ఒక్కతే ఉండలేదు" అని కూడా అన్నాను. ఉండలేనిది నేను.

కారణాలు వద్దన్నావు. అయినా రాస్తాను, నువ్వు చింపేసుకో. నీకు నలభై ఏళ్లు బావ ఉన్నాడు, తోట ఉంది, మనవలు ఉన్నారు. నాకు ఏడాదికి ఒక వారం నువ్వు ఉన్నావు. అదీ నువ్వు కలుపు తీస్తుంటే పక్కన కూర్చుని మాట్లాడడం. బావ పోయాడు, ఇక తోట కూడా లేకపోతే నా దగ్గరికి వస్తావనుకున్నాను. నీ తోట తీసేస్తే నువ్వు ఆ పక్కనే బురదలో ఇంకోటి వేసుకుని యుద్ధం మొదలుపెడతావని నాకు తట్టలేదు. తట్టాల్సింది. నువ్వెవరో నాకు తెలియదా?

చెప్పేద్దామని ప్రతి ఉత్తరానికీ అనుకున్నాను. మొదట నీ కోపం చూసి భయమేసింది. తర్వాత, ఆ కోపం నా మీద కాక ఇంకొకరి మీద పడుతుంటే, నిజం చెప్పాలంటే, కాస్త హాయిగా ఉండింది. ఆవు మాటకి మనస్ఫూర్తిగా నవ్వాను. అది ఎవరికి తగలాల్సిన దెబ్బో తెలిసే నవ్వాను.

నోల్టెకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

మోకాలికి ఏమీ కాలేదు. నీ ముందు కూర్చోలేక రాలేదు.

గది అలాగే ఉంది. ఏం శిక్ష వేస్తావో వెయ్. కాని ఇక్కడికి వచ్చి వెయ్.

రోస్వీటా


లైప్‌జిగ్,
డిసెంబరు 12

రోస్వీటా,

చింపలేదు.

నోల్టెకి జరిగిన దానిలో, మార్విన్‌ని లిస్టు దాటించిన వంతు తప్పు ఆయనది. మిగతాది నీది. కాని చేసింది నా చెయ్యి. కాబట్టి ఆయన దగ్గరికి నేను వెళ్లాను. తలుపు తీశాడు, గడపలోనే నిలబడి విన్నాడు. "సరేనండి" అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

తనిఖీ బృందం నుంచి తప్పుకున్నాను. ఇక టేపు ఇంకెవరైనా పట్టుకోవచ్చు.

ఇప్పుడు నీ సంగతి. నేను హూసుమ్ రాను. నువ్వు ఆగస్టులో ఇక్కడికి రావద్దు. ఏ నెలలోనూ రావద్దు. నీ ఉత్తరాల్లో నిజం ఎక్కడుందో వెతుక్కునే ఓపిక నాకు లేదు కాబట్టి నాకు రాయవద్దు, ఫోనూ చేయవద్దు. నేను రాస్తాను, ప్రతి నెల ఒకటో తారీఖున. వాన పడిందా లేదా, ఏం పండింది, అంతే. అది నువ్వు చదవాలి. జవాబు రాయకూడదు.

నీకు మాట్లాడడం ఎంత ఇష్టమో నాకు తెలుసు.

అడెల్‌హైడ్


లైప్‌జిగ్,
ఆగస్టు 1

రోస్వీటా,

జూలైలో వానలు సరిగా పడ్డాయి. కప్పల గుంటలో నీళ్లు నిలవలేదు, మళ్లు ఇంకో జానెడు ఎత్తు చేశాను. నూల్‌కోల్ అయిపోయింది. బీట్‌రూట్ పిడికిలంత ఊరింది. చిక్కుడు ఈ ఏడు ఒక మనిషి కోయగలిగిన దానికన్నా ఎక్కువ కాసింది.

అందుకని జూన్ నుంచి నోల్టెని పిలుస్తున్నాను. ఆయనకు తోట లేదు, కౌలుకు తీసుకోవాలంటే లిస్టులో చివరన ఉన్నాడు. అతిథులు వచ్చి చిక్కుడు కోయడాన్ని ఏ నియమమూ అడ్డుకోదు, పూర్తిగా చదివాను. మొదటి రెండుసార్లు గేటు బయటే నిలబడ్డాడు. మూడోసారి లోపలికి వచ్చాడు. కాయలు ముదరకముందే కోసేస్తాడు, ఎన్నిసార్లు చెప్పినా అంతే.

"ఇది గింజ కట్టిందా లేదా, వేలితో నొక్కి చూడండి నోల్టె గారూ."

"నొక్కితే మెత్తగానే ఉంది టీచరమ్మా."

"మీ వేలు మొద్దుబారిపోయింది. ఇంకో వేలితో నొక్కండి."

ఆగస్టులో నువ్వు కూర్చునే ఆ మడత కుర్చీలోనే ఆయన కూర్చుంటున్నాడు. నీకు తెలియాలని రాస్తున్నాను. అది ఆయనకు బాగా చిన్నది, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. నిన్న ఇంటి నుంచి ఇంకో కుర్చీ తెచ్చుకుంటానన్నాడు.

వద్దన్నాను. "అందులోనే కూర్చోండి, పాడుచేయకండి. అది రోస్వీటాది" అన్నాను.

అడెల్‌హైడ్